తెలుపు పైకి తేలిన రోజు

ఈ మధ్య మా ఊరి దగ్గర ఐటిఐలో పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నాకంటే ముందు సూటు వేసుకున్న ఒక కుర్రాయన మాట్లాడాడు. లోకంలో ఫ్యాక్టరీలు మారిపోతున్నాయట. కొనేవాడు ఒక దేశంలో, చేసేవాడు ఇంకో దేశంలో, ఒకరి మొహం ఒకరు చూసుకోరట. మధ్యలో ఉండేదంతా కొలతేనట. ఇదంతా నిన్నగాక మొన్న పుట్టినట్టు చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. తీరా నా వంతు వచ్చేసరికి పిల్లల కడుపుల్లో ఎలుకలు పరుగెత్తుతున్నాయి, కళ్లన్నీ అన్నం గంగాళాల మీదే ఉన్నాయి. ఆ వయసులో ఆకలి సంగతి నాకు తెలియదా? "పోయి తినండి నాయనా" అని కూర్చున్నాను. ఆ రోజు మింగేసిన మాట ఇక్కడ కక్కుతున్నాను. కడుపు నిండాకే చదవండి.

పంతొమ్మిది వందల యాభైల్లో మాట. కడపకు పడమట గుట్టల నడుమ ఒక పొడి మిల్లు ఉండేది. నేను అక్కడ ఇంజను మేస్త్రీని. మాది కర్నూలు జిల్లా, కోడుమూరు పక్క పల్లె. వానలు ముఖం చాటేస్తే మా చేలల్లో పని ఉండదు. బళ్లారిలో మెకానిక్ పని నేర్చుకుని, ఇనుము తినైనా బతకవచ్చని ఇటు వచ్చాను. మిల్లులో ఒకటే పెద్ద ఆయిల్ ఇంజను. దాని చక్రం నుంచి తోలు పట్టాలు, ఆ పట్టాలతో తిరిగే రాళ్లు నలిపే యంత్రాలు. ఇంజను ఆగితే మిల్లంతా ఆగినట్టే. కాబట్టి మిల్లుకు యజమాని ఎవరైనా, రాజును మాత్రం నేనే అనుకునేవాణ్ణి. పెళ్లి కాలేదు, పొగరు దించేవాళ్లు ఇంట్లో లేరు.

మేము నలిపేది ముగ్గురాయి. గుట్టల్లో దొరికే రాయి, చూడడానికి మామూలుగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం ఇంత బరువేమిటా అనిపిస్తుంది. దాన్ని మెత్తగా పొడి చేసి మద్రాసుకు, బొంబాయికి రంగుల కంపెనీలకు పంపేవాళ్లం. రంగుకు కావలసింది తెలుపు. అందుకని మా మిల్లులో తెలుపే దేవుడు. రాయి తెల్లగా ఉంటే మంచిది, బూడిదరంగుగా ఉంటే చెడ్డది. ఆ బూడిద రాయిని మిల్లు వెనకాల కుప్ప పోసేవాళ్లు. ఏళ్ల తరబడి పోసి పోసి అదే ఒక గుట్ట అయింది.

రాళ్లు పగలగొట్టి తెల్లవి ఏరేది ఆడవాళ్ల ముఠా. ఆ ముఠాకు పెద్ద ఒక మేస్త్రమ్మ. నడివయసు మనిషి, భర్త లేడు, నోరు ఉంది. గేటు దగ్గర నిలబెట్టిన నల్లటి కడప బండ మీద రాయితో ఒక గీత గీసేది. గీత మల్లెపూవులా పడితే లోపలికి పంపేది, మసగ్గా పడితే అవతల పారేసేది. ఆమె గీతకు అప్పీలు లేదు. గుమాస్తా కాదు కదా, యజమాని కూడా మాట్లాడడు. రోజూ పొద్దున మొదటి రాయితో నా ఇంజను గది ముందు చిన్న ముగ్గు వేసేది. ఇంజను మీద భక్తి అనుకునేరు. "నీ యెంకమ్మ ఆగిపోతే మా కూలి పోతాది కదప్పా, అందుకు" అనేది. నా ఇంజనుకు ఆమె పెట్టిన పేరు అది.

ఆమెకూ నాకూ ఉప్పూ నిప్పూ. కారణం నీళ్లు. ఇంజను వేడెక్కకుండా చల్లబరచడానికి రాతి అరుగు మీద ఒక పెద్ద తొట్టి ఉండేది. దాన్ని నింపాలంటే ఎద్దులతో బావి మీద కపిల తోలి నీళ్లు తోడాలి. ఎండాకాలంలో బావిలో నీళ్లు పాతాళంలో ఉంటాయి. ఆ తొట్టిని నేను పుట్టింటి నగల్లా కాపాడేవాణ్ణి. సాయంత్రం పని దిగేటప్పుడు ఆడవాళ్లు తల నుంచి కాలి దాకా పొడి అంటుకుని, కళ్లు మాత్రమే కనబడుతూ వచ్చేవాళ్లు.

"ఒక కడవ ముంచుకుంటామప్పా, మొగాలు కడుక్కోని పోతాము. ఇట్ల పోతే సంటి పిల్లోళ్లు దడుసుకుంటాండారు" అనేది మేస్త్రమ్మ.

"ఇది ఇంజను నీళ్లు. చుక్క తగ్గినా సిలిండరు పగులుతాది. పగిలితే నీ మొగం ఎవురు సూస్తారు, నా మొగం ఎవురు సూస్తారు?"

"నీ మొగం ఇప్పుడు మాత్రం ఎవురు సూస్తాండారు లే" అని ముఠా అందరినీ నవ్వించి పోయేది. నీళ్లు మాత్రం నేను ఇచ్చేవాణ్ణి కాదు.

ఇలా జరుగుతుండగా గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. ఒకపక్క వరసగా కరువు. పల్లెల్లో కూలి పనులు లేవు, ఆ చుట్టుపక్కల పొయ్యి వెలిగేది మా మిల్లు కూలితోనే. ఇంకోపక్క రంగుల కంపెనీలు ఆర్డర్లు తగ్గించేశాయి. విలాయతు నుంచి ఇంకేదో కొత్త తెల్లపొడి వచ్చిందట, ముగ్గురాయి కంటే తెల్లగా ఉంటుందట. తెలుపును నమ్ముకున్న మాకు తెలుపులోనే పోటీ వచ్చింది. బస్తాలు గోడౌనులో పేరుకుపోయాయి. యజమాని, అందరూ రెడ్డి అని పిలిచే పెద్దమనిషి, వ్యవసాయం నుంచి వ్యాపారంలోకి వచ్చినవాడు, మీసం మెలేయడం మానేశాడు. అది చూసే మాకు గుండె జారింది.

అప్పుడు మద్రాసు ఏజెంటు ఒక కొత్త బేరం తెచ్చాడు. పరదేశాల్లో నూనె బావులు తవ్వేవాళ్లకు ముగ్గురాయి పొడి కావాలి. ముందు ఒక లాటు, అంటే ఒక విడత సరుకు, పంపి చూపించాలి. నచ్చితే ఏళ్ల తరబడి కొంటారు, నచ్చకపోతే ఇంకో గనికి పోతారు. వాళ్లకు రంగుతో పని లేదు. కావలసింది బరువు. నీళ్లకంటే నాలుగు రెట్లు, ఆ పైన ఇంకొంచెం ఉండాలి. అది తగ్గితే బస్తా కూడా ముట్టుకోరు.

ఆ బరువు చూడడానికి రెడ్డి ఒక కుర్రాణ్ణి పనిలో పెట్టాడు. రాజంపేట వాడు, మద్రాసులో కెమిస్ట్రీ చదివాడు. సన్నగా చువ్వలా, కళ్లద్దాలతో ఉండేవాడు. పెట్టె నిండా సీసాలు తెచ్చుకుని, గుమాస్తా గది పక్కన కొట్టు సర్దుకున్నాడు. పొద్దస్తమానం పొడిని సీసాలో పోసి, నీళ్లు పోసి, తూచి, మళ్లీ తూచి, తనలో తాను గొణుక్కునేవాడు. ఆడవాళ్లు అతనికి సీసాల సారు అని పేరు పెట్టారు. "పాపం, పురుడు పోసుకున్నోళ్లకి కషాయం కాసినట్ల కాస్తాండాడు" అనేది మేస్త్రమ్మ. అతను నవ్వేవాడే గానీ కోపం తెచ్చుకునేవాడు కాదు. అందుకే నాకు నచ్చాడు.

ఇక లాటు తయారు చేయడానికి రెడ్డి ముఠాకు ఒకటే మాట చెప్పాడు. "వెనక గుట్ట మీది బూడిద రాయి పగలగొట్టి మిల్లుకెయ్యండి." ఎందుకో చెప్పలేదు. ఎవరికో చెప్పలేదు. ఆ కాలంలో చెప్పే అలవాటు లేదు. పైవాడు కిందివాడికి పని చెబుతాడు, కిందివాడు చేస్తాడు. "ఎందుకు" అని అడిగితే "నీకెందుకు" అనేదే జవాబు. రెడ్డి నాకు అలా చెప్పేవాడు, నేను నా సహాయకులకు అలా చెప్పేవాణ్ణి. మా తాత మా నాన్నకు కూడా అలాగే చెప్పి ఉంటాడు.

పరదేశానికి సరుకు పోతోందని మాత్రం ముఠాకు ఎలాగో తెలిసింది. కబురు కదా, దానికి గేటు అడ్డమా?

లాటు నలిగింది, బస్తాలు కుట్టారు. సీసాల సారు చూసిన కొన్ని బస్తాల్లో బరువు సరిపోయింది, కొన్నింటిలో తగ్గింది. ఎందుకు తగ్గిందో అతనికి అంతుపట్టేలోపే మద్రాసు నుంచి కొనుగోలు కంపెనీ ఇన్‌స్పెక్టరు దిగాడు. తెల్ల ప్యాంటు, కళ్లద్దాలు, మర్యాదైన మనిషి. కాఫీ ఇస్తే తాగాడు, భోజనానికి రమ్మంటే "పని అయినాక" అన్నాడు. బస్తాల వరసలోకి పోయి తనకు తోచిన చోటల్లా ఇనుప గొట్టం గుచ్చి పొడి తీసుకున్నాడు. సీసాల సారుతో కలిసి కూర్చుని తూచాడు. తర్వాత చేతులు తుడుచుకుని రెడ్డి దగ్గరికి వచ్చాడు.

"తక్కువ ఉండాది సార్."

రెడ్డి గుప్పెడు పొడి తీసి అరచేతిలో చూపించాడు. "సూడు సామీ, పాల మాదిరి ఉండాది. ఇంత తెల్లటి సరుకు నీకు యాడ దొరుకుతాది?"

"మీది శానా అందమైన సరుకు సార్. నాకు అందం తెలీదు. నాకు అంకె తెలుసు, అంతే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కర్నూలు జిల్లాలో ఇంకో గని చూడడానికి పోతున్నాననీ, వారంలోపు ఇదే దారిన తిరిగి వస్తాననీ, అప్పటికి సరైన సరుకు ఉంటే చూస్తాననీ, లేకపోతే ఆర్డరు వాళ్లకేననీ చెప్పాడు. భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు.

ఆ మాటల్లో "తెల్లటి" అన్నది నా చెవిలో గుచ్చుకుంది. బూడిద రాయి నలిపితే పొడి పాల మాదిరి ఎలా ఉంటుంది? రెడ్డికీ అదే తట్టినట్టుంది. ముఠా మొత్తాన్ని గేటు దగ్గరికి పిలిపించాడు. మొహం జేవురించి ఉంది.

"నా బూడిద రాయిలో తెల్ల రాయి కలిపిందెవరు?"

మేస్త్రమ్మ ముందుకు వచ్చింది. "నేనే కలిపించినా రెడ్డీ."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురు చెప్పాల? పరదేశమోళ్లు మన సరుకు మొదటిసారి కొంటాండారు. వాళ్లకు ఆ మసిరాయి పంపిస్తే మన పరువేం గావాల? పెండ్లోళ్లొస్తే ఇంట్లో ఉండేదాంట్లో మంచిది పెడతామా, మాడింది పెడతామా? మేము మాపటేళ దాకా కూసోని, తెల్లటివి ఏరి, ప్రతి గంపలో కలిపినాము. దానికి కూలి గూడా అడగలే."

నిజంగానే అడగలేదు. ఎండలో అదనంగా కూర్చుని, పైసా పుచ్చుకోకుండా, మిల్లు పరువు కోసం మిల్లును ముంచారు. ఇలాంటి తప్పు మా సీమలో తప్ప ఇంకెక్కడైనా జరుగుతుందా? ఇంట్లో గింజ లేకపోయినా వచ్చినవాడికి నెయ్యి పోసే జాతి మాది.

రెడ్డికి ఆ మాట ఎక్కలేదు. "రేపట్నుంచి మీరెవురూ గేటు లోపలికి రావద్దు. ఏరే పనే లేదింక, మీరెందుకు?" అన్నాడు.

మేస్త్రమ్మ చేతిలోని సుత్తి కింద పెట్టింది. ఆమె వెనకాల ఉన్నవాళ్లలో ఒక బాలింత, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంటోంది. ఆ ఇళ్లలో ఆ రాత్రికి పొయ్యి వెలుగుతుంది. ఆ పై వారం?

అప్పుడు సీసాల సారు మాట్లాడాడు. గట్టిగా కూడా కాదు. "రెడ్డిగారూ, బరువు కావాలని మనం ఆమెకి చెప్పలేదు కదండీ. తెలుపు మంచిదని ఇన్నేళ్లూ చెప్పింది మనమే. ఆమె మన మాటే విన్నాది."

రెడ్డి అతన్ని కొరకొర చూశాడు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. కానీ పెద్దమనిషి పెద్దమనిషే. కాసేపు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "అయితే నువ్వే చెప్పు వాళ్లకి. ఇప్పుడు చెప్పి ఏం లాభమో నాకు తెలీదు" అని లోపలికి పోయాడు.

సీసాల సారు అక్కడే ఒక రాయి మీద కూర్చుని చెప్పాడు. నేనూ విన్నాను, నాకూ తెలియదు మరి. నూనె బావి అంటే మన కపిల బావి కాదు, బెత్తెడు వెడల్పు, కొండంత లోతు. అడుగున ఉండే గ్యాసు బుస్సుమని పైకి తన్నుకొస్తుంది. నిప్పు తగిలితే మనుషులు మాడిపోతారు. అందుకని ఈ పొడి బురదలో కలిపి బావి నిండా పోస్తారు. ఆ బరువుకు గ్యాసు అణిగి ఉంటుంది.

"అంటే ఉడికే కుండ మూత మీద పెట్టే రాయి" అంది మేస్త్రమ్మ.

"అదేనమ్మా."

"మరి ఆ మాట ముందే చెప్పుంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా సారూ? మూత మీద పెట్టే రాయికి తెలుపేంది, నలుపేంది!"

తప్పు ఎక్కడ జరిగిందో కూడా అతను చూపించాడు. తెల్ల రాళ్లలో కొన్ని అసలు ముగ్గురాయే కాదు. ముగ్గురాయి పక్కనే పుట్టే తెల్లటి పలుగురాయి, సుద్దరాయి. రంగుకు తెలుపు చాలు కాబట్టి ఇన్నేళ్లూ అవి చెల్లిపోయాయి. అవి తేలిక. పైన పటారం, లోన లొటారం. బూడిద గుట్టలోనూ అలాంటి తేలిక రాళ్లు బోలెడు కలిసి ఉన్నాయి. పగలగొట్టి ముక్కలు చేశాక దేన్ని ఏరాలో కన్ను చెప్పలేదు. చేత్తో ఒక్కొక్క ముక్క బరువు చూస్తూ కూర్చుంటే ఇన్‌స్పెక్టరు మనవడు వచ్చే నాటికి ఒక బస్తా అవుతుంది.

మరునాడు ముఠా గేటు బయటే కూర్చుంది. లోపలికి రావద్దన్నారు కదా, రాలేదు. ఇంటికి మాత్రం పోలేదు. మధ్యాహ్నం నేనూ సీసాల సారూ గేటు దగ్గరి నీడలోనే అన్నం విప్పుకున్నాం. నాది నేను వండుకున్న కొర్రన్నం. రెండో ముద్దకే పంటి కింద రాయి కటుక్కుమంది. దవడ పట్టుకున్నాను.

మేస్త్రమ్మకు అంత కష్టంలోనూ నన్ను చూసి నవ్వు ఆగలేదు. "గాలించకుండా వండితే అంతే మరి. ఇంజను తిప్పేకి వస్తాది గానీ చెంబుడు నీళ్లలో కొర్రలు తిప్పేకి రాదా? నా చేతి కూడు తిని ఒక్క రాయి పడిందని చెప్పమను, చెవి కోసిస్తా."

"గాలిస్తే మాత్రం రాయి యాడికి పోతాది?" అన్నాను దవడ నొప్పి మీద కోపంగా.

"యాడికి పోతాదప్పా, బరువు కదా, అడుక్కి..."

ఆమె మాట మధ్యలోనే ఆగింది. నేను ముద్ద కింద పెట్టాను. సీసాల సారు అన్నం చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"నేను చదివినాను! పుస్తకంలో ఉంది. నీళ్లలో రాయిని బరువు మీద వేరు చేస్తారు. బొమ్మ చూసినా గానీ, పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు" అన్నాడు.

"బొమ్మ నువ్వు సూసినావు, చెయ్యి నేను తిప్పుతా, పా" అంది మేస్త్రమ్మ, రావద్దన్న గేటులోకి మొట్టమొదట తనే అడుగు పెడుతూ.

మొదటిసారి రాలేదు. గంగాళంలో ముక్కలు పోసి కొర్రలు గాలించినట్టు తిప్పింది. గింజలు నీళ్లలో తేలతాయి, రాతి ముక్కలు తేలవు. అన్నీ అడుగునే కూర్చుని మమ్మల్ని వెక్కిరించాయి. ఆమె చేతులు నడుముకు పెట్టుకుని చూసింది. "తిప్పితే కాదు. చెరగాల. చేటలో చెరిగితే తాలు పైకొస్తాది కదా, అట్ల నీళ్లలో ఎగరెయ్యాల" అంది. ఎగరేయాలంటే కింది నుంచి నీళ్లు పైకి తన్నాలి, అంటే అడుగు జల్లెడలా ఉండాలి. అది నా విద్య. మిల్లులో అరిగిపోయిన జల్లెడ వల పడి ఉంది. దాన్ని కత్తిరించి ఒక గంపకు అడుగు కట్టాను. నీళ్లలో ముంచి, మేస్త్రమ్మ రెండు చేతులా పట్టుకుని కిందికీ పైకీ దడదడా కుదిపింది.

నా కళ్ల ముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను. తెల్లటి పలుగురాయి ముక్కలు ఒక్కొక్కటే కదిలి, పక్కకు జరిగి, మెల్లగా పైకి వచ్చేశాయి. బూడిదరంగువి కిందికి దిగి గట్టిగా కూర్చున్నాయి. గంప పైకెత్తి చూస్తే పైన తెలుపు, కింద బూడిద, మధ్యలో గీత గీసినట్టుంది. మేస్త్రమ్మ కొబ్బరి చిప్ప తీసుకుంది. జీవితమంతా ఏరి ఏరి దాచుకున్న తెలుపును, తన చేత్తోనే గీకి అవతల పారేసింది. అడుగున బూడిద మధ్య కొన్ని తెల్ల ముక్కలు కూడా మిగిలాయి. వాటిని వేలితో తాకింది.

"ఇవి అసలైనవి కదా సారూ? అడుక్కి దిగినాయి సూడు. ఆ పైవి దొంగలు. ఇన్నేండ్లూ దొంగలకు పెద్దపీట ఏసినా గదా నా తల్లీ!" అని తన నెత్తి తనే కొట్టుకుని నవ్వింది.

సీసాల సారు కొట్టులోకి పరుగెత్తి, అడుగు ముక్కలు నూరి తూచాడు. అతను బయటికి వచ్చిన తీరు చూసే మాకు అర్థమైంది. చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు.

కేకలు విని రెడ్డి వచ్చాడు. మేస్త్రమ్మ ఇంకో గంప కుదిపి చూపించింది. ఆయన ఆ గంపలోకి చూస్తూ మీసం మీద చెయ్యి వేశాడు. "ఏం కావాల మీకు?" అని మాత్రం అడిగాడు.

"నీళ్లు" అంది మేస్త్రమ్మ. అని నా వైపు చూసింది. అందరూ నా వైపే చూశారు.

గుట్ట రాయితో కొత్త లాటంతా కుదపాలంటే పెద్ద గాబు నిండా నీళ్లు కావాలి. బావిలో ఎద్దుల మూతి తడిసేన్ని కూడా లేవు. ఊళ్లో నీళ్లున్నది ఒక్క నా తొట్టిలోనే. నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది, అదీ ముగ్గురాయి. ఆ బురద నీళ్లు మళ్లీ ఇంజనులోకి పోతే దాని పని సరి. కుదరదని నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు గేటు బయట ఆ బాలింత కనిపించింది. ఈ నీళ్లు దాచి దాచి ఏ ఇంజనుకు పోస్తాను? వారం తర్వాత మిల్లే లేకపోతే చల్లబరచడానికి ఏముంటుంది?

"తీసుకోండి. కానీ నేను చెప్పినట్టు" అన్నాను.

పగలు ఇంజను ఆపేశాం. తొట్టి నీళ్లు గాబులోకి వదిలాం. గాబు పక్కన గుంత తవ్వి, మురికి నీళ్లు అందులో తేరుకున్నాక పాత చీరల్లో వడగట్టి మళ్లీ తొట్టికి ఎక్కించాం. తెల్లవారుజామున చల్లటి వేళ ఇంజను నడిపి, ఎండెక్కేలోపు నలిపేది నలిపేవాళ్లం. తడి ముక్కలు ఆరడానికి కడప బండల మీద పరిస్తే, ఎన్నడూ మాకు మేలు చేయని ఆ ఎండ మొదటిసారి మా పక్షాన నిలబడింది. పోసిన వెంటనే ఆరిపోయేవి. వల గంపలు నేను కట్టిస్తుంటే ముఠా లాక్కుపోయేది. బాలింత బిడ్డ ఇంజను గదిలో నా పంచె ఉయ్యాల్లో పడుకునేది. ఇంజను ఆగినప్పుడల్లా లేచి ఏడ్చేది, మొదలెట్టగానే పడుకునేది.

సీసాల సారు ఇంకో మంచి పని చేశాడు. తన లెక్కలు తన దగ్గరే ఉంచుకోలేదు. మేస్త్రమ్మ గీతలు గీసే ఆ నల్ల బండ మీదే జాజుతో అడ్డంగా ఒక ఎర్ర గీత గీశాడు. "ఇది కొనేవాడి గీత. మన సరుకు దీని కింద ఉండకూడదు" అన్నాడు. తూచినప్పుడల్లా వచ్చి, అప్పటి బరువు ఎంతో అంత ఎత్తున సుద్దతో గుర్తు పెట్టేవాడు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే సంగతి అది. గుర్తు ఎర్ర గీత కింద పడితే ఎవరూ ఎవరినీ తిట్టనక్కర లేకుండా ముఠాలోనే కేకలు మొదలయ్యేవి. "ఏ గంపమ్మే అది? చిప్ప లోతుగా గీకండే!" అని. గుర్తు పైన పడితే ఈలలు. నాకు తెలిసి ఆ జిల్లాలో కూలివాళ్లు తాము చేసిన సరుకు ఎలా ఉందో అదే రోజు, తమ కళ్లతో చూసుకోవడం అదే మొదలు. సూటాయన దీనికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. మేము బరువు గీత అన్నాం.

పక్క ఊరి వాళ్లు వచ్చి చూసి నవ్విపోయేవాళ్లు. "రాళ్లు కడిగి అన్నం వండుతారంట" అని వెటకారం. నవ్విన నాపచేనే పండుతుందని మేస్త్రమ్మ వాళ్లకు చెప్పి పంపేది, చెప్పిన తీరు మాత్రం ఇక్కడ రాయలేను.

ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే వచ్చాడు. గేటు దగ్గర నల్ల బండ ముందు ఆగి, ఎర్ర గీత, దాని పైన బారులు తీరిన సుద్ద గుర్తులు చాలాసేపు చూశాడు. బస్తాల్లోకి పోయి గొట్టం గుచ్చాడు. పై వరసలో గుచ్చాడు, అడుగు వరస బస్తా లాగించి గుచ్చాడు, గోడ పక్కన ఎవరికీ కనబడని బస్తాను వెతికి మరీ గుచ్చాడు. కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని సీసాల సారూ అతనూ కూర్చున్నారు. బయట రెడ్డి కండువా నలుపుతూ అటూ ఇటూ తిరిగాడు. ముఠా గోడ నీడలో వరసగా కూర్చుంది. ఎవరి చేతిలోనూ సుత్తి లేదు. నేను ఇంజను ఆపి వచ్చాను.

తలుపు తీసుకుని ఇన్‌స్పెక్టరు ముందు బయటికి వచ్చాడు. నేరుగా నల్ల బండ దగ్గరికి నడిచాడు. కింద పడి ఉన్న సుద్ద ముక్క తీసి, ఎర్ర గీతకు పైన, మా గుర్తులన్నింటి కంటే పైన, తన చేత్తో ఒక గుర్తు పెట్టాడు.

ఆ తర్వాత ఏమైందో వరసగా చెప్పడం నా వల్ల కాదు. ముఠా అరిచిన అరుపుకు కపిల ఎద్దులు తాడు తెంపుకున్నాయి. రెడ్డి నన్ను కావలించుకున్నాడు, నా చొక్కా నూనె ఆయన తెల్ల పంచెకు అంటుకుంది, చూసుకోలేదు కూడా. సీసాల సారు అరుగు మీద కూలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు, తుడవాల్సింది కళ్లు.

గోల తగ్గాక ఇన్‌స్పెక్టరు అడిగాడు. "ఈడ బరువు చూసేది ఎవరు సార్? అన్ని బస్తాలూ ఒకే మాదిరి ఉండాయి."

వారం కిందట "మీరెందుకు" అన్న రెడ్డి, పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు. "ఈమె. మా మేస్త్రమ్మ. ఈమె ఊ అంటేనే నా గేట్లోంచి బస్తా కదిలేది" అన్నాడు.

మేస్త్రమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "సారూ, ఆ బావులోళ్లకి నా మాటగా ఒకటి చెప్పు. మూతకి రాయి మేము గట్టిదే పంపిస్తాండాము. ఇంక ఆడ కుండ పొంగితే పొయ్యి కాడ ఉండేటోళ్ల తప్పు గానీ మాది కాదు."

ఆ మనిషి నవ్వడం అప్పుడు చూశాను. ఆ రోజు భోజనం కూడా చేశాడు. సంగటి, ఊరిబిండి పచ్చడి. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఆ ఆర్డరు తర్వాత ఇంకో ఆర్డరు, దాని తర్వాత ఇంకోటి. ఎవరికీ అక్కరలేని ఆ వెనకాల గుట్ట ఏళ్ల తరబడి ఆ పల్లెలకు అన్నం పెట్టింది. ముఠాలో ఒక్కరి పని కూడా పోలేదు, కొత్తవాళ్లు చేరారు. పిల్లలూ, మీ సూటాయన చెప్పినట్టు కొనేవాడి మొహం మేమూ చూడలేదు. వాడికి ఏం కావాలో, ఎందుకు కావాలో రాయి కొట్టే చేతికి తెలిశాక మాత్రం, చూడవలసిన అవసరమూ రాలేదు.

ఇక సరుకు గట్టెక్కిన ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. లారీలు బస్తాలతో స్టేషనుకు కదిలాయి. పని దిగిన ముఠా ఎప్పటిలాగే తల నుంచి కాలి దాకా పొడితో నా తొట్టి ముందు నుంచి పోతోంది. మేస్త్రమ్మ ఆ రోజు నీళ్లు అడగలేదు. అలవాటుగా తొట్టి వైపు ఒకసారి చూసి ముందుకు నడిచింది.

"యాడికి పోతాండావు? రా" అన్నాను.

తొట్టి మీది మూత పలకలు నేనే తీసి పక్కన పెట్టాను. కడవ నేనే ముంచి ఆమె దోసిట్లో పోశాను. తర్వాత బాలింతకు, తర్వాత ఆ వెనకాల వాళ్లకు, వరసగా అందరికీ. అరుగు మీద నుంచి నీళ్లు పాలలా తెల్లగా కారిపోతున్నాయి, చుక్క కూడా లెక్క చూడలేదు. ఒక్కొక్కరే కొంగుతో మొహం తుడుచుకుని తల ఎత్తారు. ఒకామెకు బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. ఒకామె మా చెల్లెలి పోలిక. మేస్త్రమ్మ నేననుకున్నంత పెద్దది కాదు. అన్నేళ్లు వాళ్లతో పనిచేశాను గానీ, ఆ మొహాలు నేను సరిగ్గా చూడడం అదే మొదలు.